దొరస్వామి పరుగు, భానుప్రకాశ్ మోకాలు

తన మోకాళ్లకు ఈ జన్మలో నొప్పి రాదని భానుప్రకాశ్ మదనపల్లెలో టమాటా మార్కెట్ పక్కన టీ అంగట్లో, జనమంతా వింటా ఉండగా చెప్పినాడు.

“మా జేజి ఇసుర్రాయి అరిగిపోయింది. మా నాయన ట్రాక్టరు టైర్లు అరిగిపోయినాయి. మా ప్రిన్సిపాలు ఓపిక ఎప్పుడో అరిగిపోయింది. నా మోకాలు మాత్రం అరగదప్పా. పరిగెత్తేకొద్దీ కొడవలి మాదిరి పదునెక్కతాది.”

టీ తాగి, గ్లాసు పెట్టి, పుంగనూరు బస్సెక్కి కిటికీ పక్కన కూసున్నాడు. పుంగనూరు వచ్చేదాకా మోకాలు మడిచినది మడిచినట్టే ఉండె. బస్టాండులో దిగేదానికి మొదటి మెట్టు మీద కాలు పెట్టినాడో లేదో, మోకాలిచిప్ప కింద ఎవురో పచ్చిమిరపకాయ పెట్టి నూరినట్టయింది. కమ్మీ పట్టుకోని అట్టే నిలబడిపోయినాడు.

“ఏమప్పా, దిగతావా, ఈడనే కాపరం పెడతావా?” అన్నాడు కండక్టరు.

వెనకాల వంకాయల గంపతో ఉండిన ముసలామె ముందుకొచ్చి, చెయ్యి పట్టి దించింది. దించినాక, తన మోకాళ్లు మాత్రం భేషుగ్గా ఉండాయని కూడా చెప్పింది. భానుప్రకాశ్ ఆమెను ఏమీ అడగలేదు.

భానుప్రకాశ్‌ది పుంగనూరు. మదనపల్లెలో డిగ్రీ ఆఖరి ఏడు. చదువులో ఆయప్ప గురించి చెప్పుకోవాల్సింది పెద్దగా ఏమీ లేదు. పరుగులో మాత్రం ఉండాది. పది కిలోమీటర్ల పరుగులో కాలేజీలో వాణ్ణి దాటేవాడు లేడు. కుప్పంలో యూనివర్సిటీ జట్టుకు సెలక్షను పెట్టబోతాండారు. అందులో నెగ్గితే వేరే రాష్ట్రాలకు పోయి పరిగెత్తచ్చు, ఆ సర్టిఫికెట్టుతో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దారి పడతాది. ఈ ఏడు తప్పితే మళ్లీ ఛాన్సు లేదు. డిగ్రీ అయిపోయినోణ్ణి కాలేజీ జట్టులోకి ఎవురు తీసుకుంటారు?

అంత ముఖ్యమైన మోకాలిని వాడు ఏం చేసినాడో చెప్పాలంటే ముందు దొరస్వామి షుగరు గురించి చెప్పాల.

దొరస్వామి పుంగనూరు బజారులో కిరాణా అంగడి పెట్టుకోనుండాడు. భానుప్రకాశ్‌కు వరసకు మామ. ఆయనకు షుగరొచ్చిందని తెలిసినాక డాక్టరు రోజూ నడవమన్నాడు. డాక్టరు చెప్పి ఊరుకున్నాడు. పెండ్లాం పద్మావతి ఊరుకోలేదు. మొగుడి ఫోనులో ఒక యాప్ పెట్టించింది. ఫోను జేబులో పెట్టుకోని నడిస్తే ఎన్ని అడుగులేసిందీ లెక్క పడతాది, ఎట్ట పోయిందీ మ్యాపులో ఎర్రగీత పడతాది. ఆ గీత పద్మావతి ఫోనులో కూడా కనపడతాది. గీత పడిన రోజు ఇంట్లో దోసె, నంజుకునేదానికి ఊరిబిండి. గీత పడని రోజు ఉడకబెట్టిన కాకరకాయ.

దొరస్వామి నాలుగు రోజులు నడిచినాడు. అయిదో రోజు భానుప్రకాశ్ పొద్దున్నే బజారులో పరిగెత్తతా కనపడినాడు.

“ఒరే అబ్బోడా, ఎట్టాగూ పరిగెత్తతాండావు గదా, ఈ ఫోన్ను కూడా రవ్వంత తిప్పకరా. పుణ్యముంటాది.”

పుణ్యం సంగతేమో గానీ, అంగడి పక్కనుండే హోటలు వెనకరూములో వేడివేడి బోండాలుండినాయి. భానుప్రకాశ్ ఫోన్ను తిప్పకొచ్చినాడు. దొరస్వామి ఆలోపల బోండాలు తినేసి, మొగానికి నీళ్లు చల్లుకోని, చెమటపట్టినోడి మాదిరి ఇంటికి పోయినాడు.

మంచి సంగతి బజారులో దాగదు. వారం తిరక్కముందే బట్టలంగడి భీమరావు ఫోనూ, ఎరువులంగడి చెంగయ్య ఫోనూ భానుప్రకాశ్ నడుముకు వేలాడతా ఉండినాయి. వాళ్లిద్దరికీ షుగరే, వాళ్లిద్దరి ఇండ్లల్లోనూ అదే యాప్. మొదట మూడు ఫోన్లనీ ఒకే సుట్టులో తిప్పినాడు. దాంతో మూడు ఇండ్లల్లోనూ ఆడోళ్లు ఒకేసారి ఫోన్లు చూసినారు.

“ముగ్గురికీ అడుగులు ఒకటే పడినాయే? ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోని నడస్తాండారా, ల్యాకపోతే మూడుకాళ్ల పందెమా?” అనింది పద్మావతి.

ఇంక ఆ పొద్దునుంచీ ఒక్కో ఫోనుకు ఒక్కో సుట్టు. తన ప్రాక్టీసు తనకుండనే ఉండాది. దానిమీద దొరస్వామి సుట్టు, భీమరావు సుట్టు, చెంగయ్య సుట్టు.

అట్ట జరిగినా మోకాలు ఓర్చుకోనుండేదేమో. సుట్టులు ఆడికే ఆగలేదు. ఒకనాడు చెంగయ్య ఫోను సక్కా ఊరిబయట గుట్ట ఎక్కేసింది. సాయంత్రం చెంగయ్య పెండ్లాం అక్కమ్మ కొళాయి కాడ పద్మావతితో, “మా ఆయన గుట్టెక్కినాడమ్మా, మీ ఆయన ఇంకా సందుల్లోనే తిరగతాండాడా పాపం” అనింది. ఆ రాత్రి దొరస్వామికి కాకరకాయ కూడా దొరకలేదు. మర్నాడు దొరస్వామి ఫోను గుట్టను రెండుసార్లు ఎక్కింది. ఆ మర్నాడు భీమరావు ఫోను గుట్టెక్కి, దిగి, అవతల ఊరికి పోయొచ్చింది. ఒక నెలలో పుంగనూరు బజారులో ముగ్గురు షుగరు పేషెంట్లు ఒలింపిక్సుకు రవ్వంత దూరంలోకి వచ్చేసినారు. ముగ్గురికీ బొజ్జ మాత్రం పెరగతానే ఉండె. అది కండ అని వాళ్లు ఇండ్లల్లో చెప్పుకున్నారు.

బస్సు మెట్టు మీద మోకాలు మొరాయించింది ఆ నెలలోనే.

మొరాయించిన మోకాలితో బతకడమంటే ఏందో భానుప్రకాశ్‌కు అప్పుడు తెలిసొచ్చింది. ఎక్కేది సులువు, దిగేది నరకం. మిద్దె ఎక్కి, దిగలేక ఆడనే అన్నం తెప్పించుకున్నాడు. సినిమాకు పోయి సగంలో మోకాలు పట్టేస్తే, ముందుసీటు మీదికి కాలు సాపినాడు. ముందుసీటులో ఎస్సై ఉండాడు. ఇంటర్వెల్ అయినాక వాడు నిలబడే సినిమా చూసినాడు, ఎస్సై పక్కన. గొంతుకూసుంటే మోకాలు ఎండిన కొమ్మ ఇరిచినట్టు పటపటమంటాది. ఆ శబ్దానికి పక్కింటి కుక్క దొంగలనుకోని తెల్లారేదాకా మొరిగింది.

ఊరంతా వైద్యం చెప్పింది. ఒకరు నల్లేరు పచ్చడి తినమంటే తిన్నాడు. ఒకరు ఆముదం కాచి పుయ్యమంటే పూసినాడు. బూట్లు మార్చమన్నారు, మార్చినాడు. బూట్లు లేకుండా పరిగెత్తమన్నారు, పరిగెత్తి ముల్లు తొక్కినాడు. మోకాలికి నల్లపట్టీ వేసినాడు. పట్టీ కింద చెమటకాయలు వచ్చినాయి. నొప్పి మాత్రం దాని ఇల్లు అది ఖాళీ చేయలేదు.

“దరిద్రపు మోకాలు! నీకేం తక్కువ చేసినా?” అని దాన్ని రోజూ తిట్టినాడు. తిట్టేటప్పుడు కూడా నడుముకు ఎవురిదో ఒకరి ఫోను వేలాడతానే ఉండె.

కాలేజీలో ఆటల సారు వెంకటరమణ. ఆయనకు రెండే స్థితులు: ఒకటి అరవడం, రెండోది అరిచినాక ఆయాసపడడం. భానుప్రకాశ్ కుంటతా గ్రౌండుకు వచ్చేది చూసి మొదటి స్థితిలోకి పోయినాడు.

“సెలక్షను నెత్తిమీదికొస్తే నీకు ఇప్పుడు మోకాలు గుర్తొచ్చిందా? నేను రాసిచ్చిన పరుగులో ఏముండాదిరా? ఆ మాత్రానికి ముసలోళ్లకు కూడా నొయ్యదే!”

అరిచి, ఆయాసపడి, ఆనక మదనపల్లెలోనే ఉండే ఫిజియో ప్రమీల కాడికి పంపించినాడు.

ప్రమీల నెమ్మదిగా మాట్లాడే మనిషి. మోకాలు తడివింది, చిప్పను అటూ ఇటూ జరిపింది. ఒంటికాలి మీద నిలబెట్టి రవ్వంత వంగమనింది. వంగితే మోకాలు లోపలికి వాలిపోయింది.

“తుంటి కండలు వీకుగా ఉన్నాయి. అది సరిచేద్దాం. దానికంటే ముందు రెండు మాటలు అడగాల. ఈ మోకాలికి మునుపు ఎప్పుడన్నా నొప్పుండిందా?”

“లేదు మేడమ్.”

“ఈ మధ్య పరుగు ఒక్కసారిగా జాస్తి చేసినావా? నీకు నువ్వు తెలీకుండా అయినా సరే. గుట్టలు గిట్టలు ఏమన్నా ఎక్కుతాండావా?”

భానుప్రకాశ్ కండ్ల ముందర పద్మావతి అత్త నిలబడింది. ఆమె చేతిలో కాకరకాయ ఉండాది.

“లేదు మేడమ్. సారు రాసిచ్చినంతే. ఒక్క అడుగు జాస్తి లేదు.”

“ఒక్కటి కూడా?”

“దేవుడి తోడు.”

ప్రమీల నమ్మింది. పక్కకు పడుకోని కాలు పైకెత్తేది, రబ్బరుపట్టీ కట్టుకోని పీతమాదిరి అడ్డంగా నడిచేది, గోడకానుకోని వంగేది నేర్పించింది. సారు పరుగును సగానికి తగ్గించమనింది. “మూడు వారాల్లో తేడా తెలియాల” అనింది.

మూడు వారాలు పీత నడక నడిచినాడు. తేడా తెలిసింది. ముందు కుడి మోకాలే నొస్తాండె, ఇప్పుడు ఎడమది కూడా మొదలుపెట్టింది.

ప్రమీల మళ్లీ చూసింది. బూట్ల అడుగు చూసింది. “రోడ్డుకు ఎప్పుడూ ఒకే పక్క పరిగెత్తతావా? పక్కలకు వాలుగా ఉంటాది, మార్చి పరిగెత్తు” అనింది. మార్చినాడు. చిప్పకు టేపు వేసింది. పరుగంతా నిలిపేయమనింది. సారు కూడా ఒప్పుకున్నాడు. వాడు గ్రౌండుకు పోవడం మానేసినాడు.

ఇప్పుడు భానుప్రకాశ్ పూర్తి రెస్టులో ఉండాడు. వాడి కాళ్లు మాత్రం దొరస్వామి కోసం గుట్ట ఎక్కతా ఉండాయి.

“మామా, నా వల్ల కాదు. ఈ ఫోన్లు తీసుకోండి” అన్నాడు ఒక పొద్దున హోటలు వెనకరూములో.

దొరస్వామి నోట్లో బోండా అట్టే ఆగిపోయింది. “నిలిపేస్తావా? ఇన్నాళ్లు గుట్టెక్కినోడు ఒక్కసారిగా నిలిపేస్తే మీ అత్త డాక్టరు కాడికి ఈడ్చకపోతాదిరా. ఆయప్ప నెత్తురు చూస్తాడు. నెత్తురంతా బోండా నూనే.”

“రవ్వరవ్వగా తగ్గించు నాయనా” అన్నాడు భీమరావు. “ముందు చెంగయ్యది తగ్గించు.”

“నాదెందుకు? ముందు నీది” అన్నాడు చెంగయ్య.

ఉపాయాలు చేసినారు. ఫోన్ను స్కూటరుకు కట్టి తిప్పితే, యాప్ ఇది బండి అని పట్టేసింది. కూసోని చేత్తో ఊపితే అడుగులు పడినాయి గానీ మ్యాపులో గీత పడలేదు. ఆఖరికి దొరస్వామి ఫోన్ను ఒక పొట్టి ఆవు మెడకు కట్టి తోలినారు. ఆవు నాలుగు వీధులు బాగానే నడిచింది. ఆనక మున్సిపాలిటీ చెత్తదిబ్బ ఎక్కి పడుకునింది. పద్మావతి ఫోను చేసి, “చెత్తదిబ్బ మీద అంతసేపు ఏం చేస్తాండావు?” అనడిగితే, ఆవు అంబా అనింది. ఆయాసంలో గొంతు మారిపోయిందని దొరస్వామి ఇంట్లో చెప్పుకున్నాడు.

చేసేదిలేక మళ్లీ భానుప్రకాశే పరిగెత్తినాడు. దిగుడులో పండ్లు కొరుక్కుంటా, గుట్టను తిట్టుకుంటా, షుగరు కనిపెట్టినోణ్ణి తిట్టుకుంటా.

అట్ట ఉండగా ఒకనాడు వెంకటరమణ సారు పిలిపించినాడు. చేతిలో ఫోను పట్టుకోనుండాడు. అరవలేదు. అది చూసి భానుప్రకాశ్ ఇంకా భయపడినాడు.

“మీ ఊర్లో దొరస్వామి అని ఎవురురా?”

“యాల సారు?”

“ఈ యాపులో మీ గుట్ట ఎక్కినోళ్ల పేర్లు చూస్తాండా. ఆయన పేరే మొదట ఉండాది. అరవై దాటిందంట! రోజూ ఎక్కతాండాడు, వాన పడినా ఎక్కతాండాడు. నీ మంచిరోజుల్లో నువ్వు పోయినంత స్పీడుగా పోతాండాడురా!” సారు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. “సెలక్షను రోజే కుప్పంలో పెద్దోళ్లకు కూడా పరుగు పెడతాండారు. ఆయన్ను తీసుకోనిరా. మన జిల్లా పేరు నిలబెడతాడు.”

“ఆయన రాడు సారు. సిగ్గు.”

“నేనప్పుడే వాళ్లింటికి ఫోను చేసేసినా. ఆయమ్మ వస్తామనింది.”

పద్మావతి వస్తామనడమే కాదు, పసుపుపచ్చ బూట్లు కొనింది, ట్రాక్‌సూటు కుట్టించింది, వీధివీధికీ చెప్పింది. అక్కమ్మ, “మా ఆయన్ను యాల పిలవలేదో సూసొస్తా” అని తనూ బయలుదేరింది. నలుగురూ ఒకే కారు. భానుప్రకాశ్ ముందర, వెనకాల ఆడోళ్లిద్దరి నడుమ దొరస్వామి.

పెద్దపంజాణి దాటినాక దొరస్వామి కారు టైరు పంచరు కావాలని మొక్కుకున్నాడు. వి.కోట దాటినాక ఇంజనే కాలిపోవాలని మొక్కుకున్నాడు. కారు కొత్తది. కుప్పం వచ్చేసింది.

భానుప్రకాశ్‌కు మామ గోడు పట్టలేదు. వాడి గోడు వాడికుండాది. కారులో మడుచుకోని కూసున్న మోకాళ్లు రెండూ దిగేటప్పుడు కలిసి కేక పెట్టినాయి. ఎట్టయినా సరే ఈ పొద్దు పరిగెత్తాల. రెండు నొప్పి మాత్రలు మింగి, టేపు మీద టేపు వేసుకోనుండాడు. ఒక్క పరుగు. ఆనక మోకాళ్లు ఊడిపోయినా మంచిదే.

గ్రౌండులో చలి. గుడుపల్లె పక్కనుంచి వచ్చిన పిలకాయలు అప్పుడే వార్మప్ చేస్తాండారు. వాళ్ల మోకాళ్లను చూసి భానుప్రకాశ్‌కు ఏడుపొచ్చింది. దెబ్బలు తగిలినోళ్లను చూసేదానికని ప్రమీలను కూడా పిలిపించినారు, డేరా కింద కుర్చీ వేసుకోని కూసోనుండాది.

వెంకటరమణ సారు పరిగెత్తుకోనొచ్చి దొరస్వామికి దండం పెట్టినాడు. కాలిపిక్క పట్టి చూసినాడు. దిండు పట్టుకున్నట్టుండె. అయినా ఆయన నమ్మకం పోలేదు.

“లోపలుంటాదిరా అసలు కండ” అన్నాడు. ఆనక భానుప్రకాశ్ వైపు తిరిగినాడు. “సూసి నేర్చుకో. మోకాలు మోకాలు అని చంపేస్తివే! ఈయన ఒక్కనాడన్నా నొప్పి అన్నాడా?”

“మా ఆయన ఎప్పుడూ అనడండీ” అనింది పద్మావతి. “ఈ కాలం పిలకాయలకు ఒళ్లొంగదు.”

భానుప్రకాశ్ నోటికాడికి వచ్చిన మాటను మాత్ర మింగినట్టు మింగినాడు.

ముందు పెద్దోళ్ల పరుగు, ఆనక సెలక్షను. దొరస్వామి లైనులో నిలబడి వాడి చెయ్యి పట్టుకున్నాడు. “ఒరే, ఏదోటి చెయ్యరా.”

“పది అడుగులేసి కాలు పట్టేసిందని కూసోండి మామా. అంతే.”

ఈల ఊదినారు. దొరస్వామి పరిగెత్తినాడు. నిజంగానే పరిగెత్తినాడు. పద్మావతి చప్పట్లు కొడతాండాదని మోజుపడి పది అడుగులకు నిలవకుండా మొదటి జెండా దాకా పోయినాడు. ఆడ కూలబడినాడు. కాలు పట్టుకోవాల్సినోడు, ఆయాసంలో మర్చిపోయి గుండె పట్టుకున్నాడు.

“అయ్యో! గుండె! గుట్టలెక్కే మనిషికి ఏమాయె!” పద్మావతి చీర ఎగగట్టి దూకింది. అక్కమ్మ వెనకాలే. సారు మూడో స్థితిలోకి పోయినాడు, నోట మాట రాలేదు. ఎవురో అంబులెన్సుకు ఫోను చేస్తాండారు.

ప్రమీల వచ్చి నాడి పట్టింది. ఊపిరి చూసింది. “ఆయాసమే మాదిరి ఉంది. అయినా రోజూ ఇంత పరిగెత్తే మనిషి ఇంతలోకే కూలబడినాడంటే తేలిగ్గా తీసుకోకూడదు. పెద్దాసుపత్రికి పంపాల. గుండెకు అన్ని పరీక్షలూ చేయించాల.”

పరీక్షలు అనగానే దొరస్వామి కండ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

“బూట్లు ఇప్పండి, గాలి తగలనీ” అనింది ప్రమీల. ఇప్పినారు. ఆమె అరికాళ్లు చూసింది. వేలితో ఒత్తి చూసింది. ఇడ్లీ మాదిరి మెత్తగా ఉండాయి. ఒక్క కాయ కట్టలేదు, ఒక్క గోరు నల్లబడలేదు.

“అమ్మా, ఈయన పరుగు ఎంతో మీ ఫోనులో ఉంటాదన్నారు గదా. చూపించండి.”

పద్మావతి ఏడస్తానే ఫోను తీసిచ్చింది. ప్రమీల వేలితో వెనక్కి జరపతా పోయింది. మొదట చిన్నచిన్న గీతలు. ఆనక ఒక్కసారిగా గుట్ట. ఆనక రోజుకు రెండు గుట్టలు. ఒక్క రోజు కూడా విరామం లేదు. ఆమె చాలాసేపు చూసింది. తల ఎత్తలేదు.

“రెండు నెలలనుంచి నేను వెదకతాండేది ఇదే” అనింది, తనలో తానే మాట్లాడుకుంటాన్నట్టు. “బూట్లు మార్పిస్తి. రోడ్డు పక్క మార్పిస్తి. టేపు వేస్తి. తుంటికి బలం తెప్పిస్తి. పరుగంతా నిలిపించి కూడా తగ్గలేదంటే నాకు చదువే రాదేమో అనుకుంటి. అమ్మా, ఇట్ట ఒక్కసారిగా పెంచి, అలుపు తీర్చుకోకుండా పరిగెత్తితే ఎవురి మోకాలైనా పోవాల్సిందే. ఈయన మోకాళ్లు చూడండి, పసిబిడ్డవి మాదిరి ఉండాయి.” ఆమె అప్పుడు తలెత్తింది. “పోయిన మోకాళ్లు ఎవురివో నాకు తెలుసు.”

అందరూ తిరిగి చూసినారు. భానుప్రకాశ్ కూడా తిరిగి చూసినాడు. వాడి వెనకాల ఎవురూ లేరు.

“ఆ నెలలోనే గదా నీకు నొప్పి మొదలైంది?” అనింది ప్రమీల. “ఒక్క అడుగు జాస్తి లేదంటివే. దేవుడి తోడంటివే. చెప్పు. ఇప్పుడన్నా చెప్పకపోతే ఈయన్ను అంబులెన్సు ఎక్కించాల్సొస్తాది.”

భానుప్రకాశ్ దొరస్వామిని చూసినాడు. మామ ఒక కన్ను తెరిచి, చెప్పొద్దు అన్నట్టు మూసినాడు. అంబులెన్సు శబ్దం దూరంగా ఇనపడతాండాది.

“ఆ ఫోన్ను నేనే తిప్పినా మేడమ్.”

“ఏందీ?” అనింది పద్మావతి.

“మామ ఫోను పెట్టుకోని నేనే పరిగెత్తినా అత్తా. మామ హోటలు వెనక బోండాలు తింటా ఉంటాడు. గుండెకేం కాలేదు.”

పద్మావతి ఏడుపు టక్కున నిలిచిపోయింది. దొరస్వామి గుండె మీదనుంచి చెయ్యి తీసేసి నెత్తి మీద పెట్టుకున్నాడు.

అక్కమ్మ పకపకా నవ్వింది. “అదీ సంగతి! నాకు ముందునుంచీ అనుమానమే. మా ఆయన మాదిరి పరిగెత్తేది అందరివల్లా అయ్యే పనా?”

“అక్కమ్మత్తా, చెంగయ్య మామది కూడా నేనే. భీమరావు మామది కూడా.”

అక్కమ్మ నవ్వు కూడా నిలిచిపోయింది.

వెంకటరమణ సారు ఇంకా చేతిలో ఫోను పట్టుకోనే ఉండాడు. “అయితే నా ప్రాక్టీసు మీద ఇదంతా కూడా… రెస్టు తీసుకోమన్న దినాల్లో కూడా…?” ఆయన అరిచుంటే బాగుండు అనుకున్నాడు భానుప్రకాశ్.

“వీణ్ణి ఈ పొద్దు పరిగెత్తనీకండి సారు” అనింది ప్రమీల. “నిజంగా నిలిపితే తగ్గిపోయే నొప్పే. మాత్రలు మింగి ఈ పది కిలోమీటర్లు పరిగెత్తినాడంటే మాత్రం నేను మాటివ్వలేను.”

“ఇదే వాడి ఆఖరి ఏడు మేడమ్.”

“తెలుసు.”

అవతల మైకులో సెలక్షను పేర్లు పిలస్తాండారు. గుడుపల్లె పిలకాయలు లైనులోకి పోయినారు. భానుప్రకాశ్ పేరు పిలిచినారు. వాడు రెండడుగులేసినాడు. రెండో అడుగుకే మోకాలు ఎప్పటి మాదిరే పలికింది. నిలబడినాడు.

పద్మావతి దారికి అడ్డంగా వచ్చింది. “నిలబడు. మొదట నడకే గదా ఉండె! ఈ మనిషికి గుట్టెక్కాలని ఆశ యాల పుట్టె? పందెం ఎవురు పెట్టినారు?”

“నేను కాదే!” దొరస్వామి లేచి కూసున్నాడు. “ఆ చెంగయ్యగాడే ముందు గుట్టెక్కించినాడు. వాడెక్కించబట్టి నేనెక్కిస్తి. నీ నోటికి భయపడి.”

“మా ఆయన్ను అంటే ఊరుకోను” అనింది అక్కమ్మ. “మా ఆయనకు సందు దాటితే దారి తెలీదు. ఆయనకు గుట్టెందుకు?”

“అయితే ఎవురెక్కించినారు?”

మైకులో భానుప్రకాశ్ పేరు మళ్లీ పిలిచినారు. ముగ్గురు పెద్దోళ్లు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. చెంగయ్య మీద తోసేసి గమ్మున ఉండిపోవచ్చు. చెంగయ్య పుంగనూరులో ఉండాడు, కాదనేదానికి ఈడ లేడు. ఆ మాట భానుప్రకాశ్ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ప్రమీల మాత్రం వాణ్ణే చూస్తాండాది, రెండో అబద్ధం కోసం కాసుకోనున్నట్టు.

లైనులో ఈల ఊదినారు. పిలకాయలందరూ పరిగెత్తినారు. ఒక స్థానం ఖాళీగా ఉండిపోయింది.

“చెంగయ్య మామ అడగలేదత్తా” అన్నాడు భానుప్రకాశ్, దుమ్ము రేగిన పక్కే చూస్తా. “మొదట ఎవురూ అడగలేదు. గుట్ట నేనే ఎక్కించినా. ఒకనాడు ఒకరిది, ఒకనాడు ఒకరిది. కొళాయి కాడ మీరు కొట్టుకుంటాంటే సూసేదానికి శానా బాగుండింది.”